మనిషి లేని పెట్టె

రెండేళ్ల కిందటి మాట. ఢిల్లీలో ఆడపడుచు వాళ్ల గృహప్రవేశం చూసుకుని నేనూ, అత్తయ్యగారూ, మామయ్యగారూ విమానంలో తిరిగివస్తున్నాం. అందరం ఎక్కి బెల్టులు పెట్టుకుని కూర్చున్నాక విమానం కదలదే! విషయం ఏమిటంటే, సామాను లోపలికి ఇచ్చేసిన ప్రయాణికుడు ఒకాయన తీరా విమానం ఎక్కలేదట. ఆయనగారి పెట్టె కింద సామాన్లలో ఎక్కడుందో వెతికి దించేదాకా బయల్దేరేది లేదట. అరగంటయింది... ముప్పావుగంటయింది. పిల్లల ఏడుపులు. వెనక సీటాయన ఆ రానివాడిని ఏడు తరాలతో కలిపి తిట్టిపోశాడు. నిజం చెప్పొద్దూ, నేనూ లోలోపల గొణుక్కున్నాను. ఇంటికెళ్లి వంట చేయాలి మరి!

మామయ్యగారు ఒక్కరే నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నారు. ఎంతసేపైనా సరే దించనీమన్నారు. ఆ రోజున ఆ పని ఎవరో ఒకరు చేసి ఉంటే నాయుడమ్మగారు ఇంటికి వచ్చి ఉండేవారు కదా అన్నారు.

నాయుడమ్మ! ఆ పేరు నేను చిన్నప్పుడు జనరల్ నాలెడ్జి పుస్తకంలో చదివాను. చివర అమ్మ ఉంది కదా, ఎవరో ఆవిడ గొప్ప శాస్త్రవేత్త అయి ఉంటుందని తెగ సంబరపడ్డాను. ఆయన మగవాడని తెలిసినప్పుడు కాస్త నిరుత్సాహం కూడా కలిగింది. అంతకుమించి నాకు ఆయన గురించి ఏమీ తెలియదు.

మా మామయ్యగారు తార్నాకలోని ఆర్ఆర్ఎల్‌లో చిన్న ఉద్యోగంలో చేరి అక్కడే రిటైరయ్యారు. ఆర్ఆర్ఎల్ అంటే రీజనల్ రీసెర్చ్ లాబొరేటరీ. 1989లో పేరు మారి ఐఐసీటీ అయినా మా ఇంట్లో మాత్రం ఇప్పటికీ ఆర్ఆర్ఎల్లే. పొద్దున్నే ఆయన ఉస్మానియా క్యాంపస్‌లోకి నడకకు వెళతారు. తోడుగా నేను. తార్నాక చౌరస్తా దాటి చెట్ల నీడన ఆర్ట్స్ కాలేజీ దాకా వెళ్లి, మెట్ల మీద కాసేపు కూర్చుని వస్తాం. ఢిల్లీ నుంచి వచ్చాక వారం పది రోజులు ఆ మెట్ల మీద నాకు నాయుడమ్మగారి కథే. మామయ్యగారిదీ తెనాలి వైపే లెండి, అందుకని ఆ పేరంటే ఆయనకు మరీ మక్కువ. ఆయన చెప్పింది విని, ఆ తరవాత నేను చదివి తెలుసుకున్నది కలిపి మీకు చెబుతున్నాను.

యలవర్తి నాయుడమ్మగారు 1922 సెప్టెంబరు 10న తెనాలి దగ్గర యలవర్రులో పుట్టారు. రైతు కుటుంబం. గుంటూరు ఏసీ కాలేజీలో ఇంటరు, బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో రసాయన సాంకేతిక శాస్త్రం. ఇంతదాకా ఫరవాలేదు. ఆ తరవాత ఆయన మద్రాసులో తోళ్ల పరిశ్రమ చదువులోకి అడుగుపెట్టారు. అసలు కథ అక్కడ మొదలవుతుంది.

ఆ రోజుల్లో ఓ రైతుబిడ్డ తోళ్ల పనిలోకి వెళ్లడమంటే ఏమిటో మనం ఊహించుకోవాలి. పశువు బతికున్నంతకాలం ఇంటి లక్ష్మి. చచ్చిపోయాక దాన్ని ముట్టుకున్నవాడు ఊరి బయటివాడు. తోళ్లు నానేసే లంద దగ్గరికి వెళితే వాసనకు కడుపులో తిప్పుతుంది. సున్నపునీళ్లలో చేతులు పుండ్లు పడతాయి. ఆ పని చేసేవాళ్లను గడప తొక్కనివ్వని ఇళ్లలో, ఆ పని చదవడానికి కొడుకును పంపిన తల్లి ఎవరికి ఏమని జవాబు చెప్పుకుందో! కాలికి చెప్పు కావాలి కానీ చెప్పు చేసే చెయ్యి అక్కర్లేదు మనకు.

ఆ పని వెనక ఎంత శాస్త్రం ఉందో తెలిశాక నాకు ఆశ్చర్యమేసింది. పచ్చితోలు రెండు రోజుల్లో కుళ్లిపోతుంది. అదే తోలును తంగేడు చెక్కలోనో, కరక్కాయలోనో నానబెడితే ఏళ్ల తరబడి నిలుస్తుంది. దగ్గుకు మనం బుగ్గన పెట్టుకునే కరక్కాయ, బతుకమ్మలో పేర్చుకునే తంగేడు... అవే! దక్షిణాదిన ఈ పద్ధతిలో పదును చేసిన తోళ్లకు విదేశాల్లో ఎప్పటినుంచో గిరాకీ ఉండేదట. నాయుడమ్మగారు ఇంగ్లండులో నార్తాంప్టన్‌లోనూ, అమెరికాలో లీహై విశ్వవిద్యాలయంలోనూ ఆ శాస్త్రమే చదివి డాక్టరేటుతో తిరిగివచ్చారు. మద్రాసులోని కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థకు 1958లో డైరెక్టరయ్యారు.

పచ్చితోళ్లు, సగం పదునైన తోళ్లు ఓడలకెక్కించి విదేశాలకు పంపడం, వాళ్లు వాటితో బూట్లు, సంచులు చేసి పదింతల ధరకు అమ్ముకోవడం... అప్పటి వ్యాపారం ఇదీ. ఆ బూట్లేవో మనమే ఎందుకు చేయకూడదన్నది ఆయన పట్టు. చేయాలంటే లందలో కాళ్లు నానేసి నిలబడ్డ మనిషికి శాస్త్రం తెలియాలి. అందుకని లాబొరేటరీని ఆ మనిషి దగ్గరికి నడిపించడమే ఆయన 13 ఏళ్లు చేసిన పని. 1971లో పద్మశ్రీ వచ్చింది. అదే ఏడాది దేశంలోని ప్రభుత్వ ప్రయోగశాలల మీద పెద్దగా, సీఎస్ఐఆర్ డైరెక్టర్ జనరల్‌గా వెళ్లారు.

మా తార్నాకకు ఆయనతో చుట్టరికం అక్కడ కలుస్తుంది. హబ్సిగూడ దాకా రోడ్డు పొడవునా ఉన్న ఆర్ఆర్ఎల్, ఎన్‌జీఆర్ఐ రెండూ సీఎస్ఐఆర్‌వే. ఆర్ఆర్ఎల్‌లోని జీవరసాయన విభాగం నుంచి 1977లో సీసీఎంబీ రూపు దిద్దుకుంది కూడా ఆయన హయాం చివరి రోజుల్లోనే. కరీంనగర్ జిల్లాను ఎంచుకుని, ప్రయోగశాలల్లో కనిపెట్టినవన్నీ పల్లెల్లో అక్కరకు వస్తాయో రావో చూడాలని ఓ పెద్ద ప్రయత్నం చేశారు. హాల్లో వెనక వరసలో నిలబడి రెండుసార్లు ఆయన్ని చూశానని మామయ్యగారు మురిసిపోతూ చెబుతారు. ఏం మాట్లాడారో గుర్తులేదట గానీ, తెనాలి యాస మాత్రం గుర్తుందట!

1977లో ఆ పదవి వదిలేశారు. 1981-82లో ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా ఉన్నారు. ఆ తరవాత దేశదేశాలు తిరుగుతూ బీదదేశాలకు సాంకేతిక సలహాలు చెప్పే పనిలో ఉన్నారు. ఆయన భార్య పవనగారు డాక్టరు, స్త్రీల వైద్య నిపుణురాలు. ఇంటినిండా చదువు, పని, ప్రయాణాలు.

1985 జూన్‌లో కెనడా వెళ్లారు. తిరుగు ప్రయాణానికి ఎక్కింది ఎయిరిండియా 182, కనిష్క అని పేరు పెట్టిన పెద్ద బోయింగ్ విమానం. టొరంటోలో బయల్దేరి మాంట్రియల్‌లో ఆగి, లండన్ మీదుగా ఢిల్లీ, బొంబాయి రావాలి. వేసవి సెలవులు కదా, పిల్లల్ని తాతయ్యలకు అమ్మమ్మలకు చూపించడానికి వస్తున్న కుటుంబాలే ఎక్కువ. విమానంలో మొత్తం 329 మంది. అందులో 80 మందికి పైగా పిల్లలు.

జూన్ 23, ఆదివారం. మనకు మధ్యాహ్నం పన్నెండూ ముప్పావు. ఐర్లండ్ తీరానికి ఇవతల, 31,000 అడుగుల ఎత్తున ఎగురుతున్న విమానం అక్కడి రాడార్ తెర మీంచి చటుక్కున మాయమైపోయింది. సాయం కోసం పిలిచిన పిలుపు లేదు. ఒక్కరూ బతకలేదు. సముద్రం 131 దేహాలను మాత్రమే తిరిగి ఇచ్చింది. మధ్యాహ్నం భోజనాలై అంట్లు తోముకుంటున్న వేళ అది జరిగిందనీ, వార్త తెలిసి రాత్రికి తార్నాకలో ప్రయోగశాలల వాళ్ల ఇళ్లన్నీ చిన్నబోయాయనీ అత్తయ్యగారు చెప్పారు. నాయుడమ్మగారికి అప్పుడు 62 ఏళ్లు.

అసలేం జరిగిందో తెలుసుకోవడం ఎలా? విమానం రెండు కిలోమీటర్ల లోతు నీళ్లలో ఉంది. మునిగింది ఏ దేశానికీ చెందని సముద్రంలో. కనుక విమానం ఏ దేశానిదో ఆ దేశమే విచారించాలన్నది ప్రపంచమంతా ఒప్పుకున్న పద్ధతి. అలా ఆ భారం మన ప్రభుత్వం మీద పడింది. 1937 నాటి విమాన నిబంధనల కింద ఢిల్లీ హైకోర్టు న్యాయమూర్తి బి.ఎన్. కృపాల్‌గారిని విచారణకు నియమించారు.

ముందు దొరకాల్సింది బ్లాక్ బాక్స్. పేరుకే బ్లాకు, రంగు మాత్రం నారింజపండు రంగు, దూరానికి కనబడాలని. అవి రెండుంటాయి. పైలట్ల మాటలు, ఆ గదిలో చప్పుళ్లు ఒకటి దాస్తుంది. ఎత్తు, వేగం వంటి లెక్కలు రెండోది రాసుకుంటుంది. నీళ్లలో పడితే నెల రోజులపాటు టిక్ టిక్‌మని సంకేతాలు పంపుతూనే ఉంటాయి. ఓడలు ఆ చప్పుడు కోసం చెవి ఒగ్గి సముద్రమంతా గాలించాయి. సముద్రం అడుగున టెలిఫోను తీగల్ని బాగుచేసే స్కారబ్ అనే మరమనిషిని దింపి, జూలై రెండో వారంలో రెండింటినీ పైకి తీశారు. బొంబాయిలో బాబా అణు పరిశోధన కేంద్రం వాళ్లు కూడా ఆ టేపుల్ని పరీక్షించారు. చివరి క్షణం దాకా అంతా మామూలే. ఉన్నట్టుండి ఒక చప్పుడు, ఆ వెంటనే రెండు టేపులూ ఒకేసారి మూగబోయాయి.

సముద్రం అడుగున శకలాల్ని ఫొటోలు తీశారు. కొన్నింటిని పైకి లాగారు. ఐర్లండ్‌లో కార్క్ ఆసుపత్రి డాక్టర్లు దేహాలను పరీక్షించి ఇచ్చిన కాగితాలు చదివారు. (ఆ ఊరివాళ్ల గురించి ఒక్క మాట. మన భాష రాని, మన దుఃఖం మాత్రం తెలిసిన ఆ జనం మృతుల బంధువులను ఇళ్లల్లో పెట్టుకుని అన్నం పెట్టారు. ఏడాది తిరక్కుండానే దగ్గర్లోని అహకిస్టా అనే పల్లెలో సముద్రం ఒడ్డున స్మారకం కట్టి, ఏటా జూన్ 23న అక్కడ పువ్వులు పెడుతూ వచ్చారు.) 1986 ఫిబ్రవరి 26న కృపాల్‌గారు నివేదిక ఇచ్చారు. విమానం ముందుభాగంలో సామాన్లు పెట్టే అరలో బాంబు పేలిందని తేల్చారు.

ఆ బాంబు ఎలా ఎక్కిందన్నదే నన్ను నిద్రపోనివ్వని సంగతి. కెనడాలో వాంకూవర్ విమానాశ్రయం. ఎం. సింగ్ అన్న పేరు మీద టికెట్టున్న ఒకతను కౌంటర్ దగ్గరికి వచ్చాడు. టొరంటో దాకా సీటు ఖాయమైంది, ఆపైన ఢిల్లీ విమానంలో ఇంకా ఖాయం కాలేదు. అయినా పెట్టెను నేరుగా ఢిల్లీకే పంపాలని పట్టుబట్టాడు. కుదరదంది కౌంటర్లో అమ్మాయి. వాదన పెట్టుకున్నాడు. వెనకాల బారెడు వరస. విసిగిపోయి ఆ అమ్మాయి చీటీ కట్టేసింది. పెట్టె వెళ్లిపోయింది. మనిషి ఎక్కలేదు. టొరంటోలో ఆ పెట్టెను కనిష్కలోకి మార్చారు. అక్కడ ఎక్స్‌రే యంత్రం ఆ పూటే చెడిపోయింది. చేత్తో పట్టుకునే చిన్న పరికరంతో మమ అనిపించారు. ఈ పెట్టె తాలూకు మనిషేడీ అని వాంకూవర్‌లో గానీ, టొరంటోలో గానీ, మాంట్రియల్‌లో గానీ ఎవరూ అడగలేదు.

అదే రోజు అలాంటిదే ఇంకో పెట్టె జపాన్‌లో నరిటా విమానాశ్రయంలో పేలి ఇద్దరు కూలీలు చనిపోయారు. అదీ వాంకూవర్ నుంచి మనిషి లేకుండా వచ్చిందే!

మా అత్తయ్యగారు ఏ ప్రయాణంలోనైనా గడప దగ్గర ఒకసారి, సికింద్రాబాద్ స్టేషన్లో ఒకసారి, రైలెక్కాక ఒకసారి లెక్కపెడతారు. మనుషులు ఆరుగురు, సామాన్లు పదకొండు, మరచెంబుతో పన్నెండు. ఆ లెక్క కుదిరేదాకా ఎవర్నీ కూర్చోనివ్వరు. మేమంతా నవ్వుకునేవాళ్లం. కనిష్క కథ విన్నాక నవ్వడం మానేశాను. 329 ప్రాణాలు నిలబడటానికి కావాల్సింది గొప్ప యంత్రం కాదు, ఇదిగో, ఈ లెక్కే.

ఆ తరవాత ప్రపంచమంతా ఆ లెక్క నేర్చుకుంది. ప్రయాణికుడు ఎక్కకపోతే ఆయన సామాను దిగాల్సిందేనన్న నియమం అంతర్జాతీయ విమాన సంస్థ ఒప్పందంలోకి వచ్చింది. మన దేశంలో విమానాల భద్రతకు అప్పటికి ఒక విభాగం ఉండేది. 1976లో మన విమానాన్ని దొంగలు లాహోరుకు మళ్లించుకుపోయాక, పాండే కమిటీ సలహాతో 1978 జనవరిలో పౌర విమానయాన డైరెక్టరేట్ కింద పెట్టిన చిన్న సెల్ అది. (ఆ హైజాకింగ్ జరిగింది కూడా సెప్టెంబరు 10నే, నాయుడమ్మగారి పుట్టినరోజున. కాకతాళీయమే గానీ చదివినప్పుడు ఉలిక్కిపడ్డాను.) కనిష్క దెబ్బతో ఆ సెల్ 1987 ఏప్రిల్ 1 నుంచి బ్యూరో ఆఫ్ సివిల్ ఏవియేషన్ సెక్యూరిటీ అనే స్వతంత్ర శాఖ అయింది. బేగంపేటలో విమానం ఎక్కిన పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. మెట్లెక్కబోయే ముందు ఎండలో వరసగా పేర్చిన పెట్టెల దగ్గరికి తీసుకెళ్లి, నీదేదో చూపించమనేవాళ్లు. ఎవరూ చూపించని పెట్టె అక్కడే ఉండిపోయేది. చేతిసంచికి చీటీ కట్టి ముద్ర కొట్టే పద్ధతైతే హైదరాబాద్ లాంటి పెద్ద విమానాశ్రయాల్లో 2017 దాకా ఉండేది. ఆ చీటీ నేనెన్నిసార్లు పారేసుకుని మావారిచేత చీవాట్లు తిన్నానో!

విచారణల సంగతికొస్తే, చాలాకాలం మన దగ్గర ఓ చిక్కుండేది. విమానాలు ఎగరడానికి అనుమతులిచ్చేదీ, రూల్సు పెట్టేదీ డైరెక్టరేటే, ప్రమాదం జరిగితే తప్పెక్కడుందో చూసేదీ చాలావరకు ఆ శాఖే. ఆవకాయ బూజుపడితే ఉప్పు తక్కువైందో లేదో కలిపినావిడే తీర్పు చెప్పినట్టు! 2010 మేలో మంగళూరులో 158 మంది చనిపోయిన ప్రమాదం అయ్యాక, 2012 జూలై 30న ప్రమాదాల దర్యాప్తుకు విడిగా ఓ బ్యూరో పెట్టారు. ఎవరికి శిక్ష వేయాలా అన్నది దాని పని కాదు. ఏం జరిగింది, మళ్లీ జరక్కుండా ఏం చేయాలి, అంతే. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో లండన్ విమానం కూలి 260 మంది పోయినప్పుడు ఆ బ్యూరోయే రంగంలోకి దిగింది. బ్లాక్ బాక్సుల్లోని వివరాలను ఢిల్లీలోని తన లాబొరేటరీలోనే తీసి, నెలలోగా తొలి నివేదిక ఇచ్చింది. ఆ నెలంతా క్యాంపస్‌లో నడకకు వచ్చేవాళ్ల నోట బ్లాక్ బాక్స్ మాటే. మామయ్యగారు మాత్రం ఏమీ మాట్లాడకుండా నడిచారు.

నేరస్థుల సంగతి అడుగుతారేమో. ఖలిస్తాన్ తీవ్రవాదుల పని అన్నారు. కెనడాలో కేసు ఏళ్లూపూళ్లూ సాగింది. బాంబు తయారీలో చెయ్యి ఉన్న ఒకడు 2003లో నేరం ఒప్పుకుంటే ఐదేళ్ల శిక్ష పడింది. మరో ఇద్దర్ని సాక్ష్యాలు చాలవని 2005లో వదిలేశారు. 329 మందికి అంతే. 2006లో కెనడా ప్రభుత్వం మాజీ న్యాయమూర్తి జాన్ మేజర్‌తో కమిషన్ వేసింది. 2010లో ఆయన ఇచ్చిన నివేదిక చదివితే కడుపు రగిలిపోతుంది. సామాన్లలో టైంబాంబులు పెట్టొచ్చని ఎయిరిండియా 1985 జూన్ 1నే హెచ్చరిక పంపింది. అది కెనడా పోలీసులకు చేరింది కూడా. చేతులు మారీ మారీ ఎక్కడో ఆగిపోయింది. తమ లోపాలకు ఆ దేశ ప్రధాని 2010 జూన్ 23న మృతుల కుటుంబాలకు క్షమాపణ చెప్పారు.

25 ఏళ్ల తరవాత వచ్చిన ఆ క్షమాపణ వినడానికి పవనగారు లేరు. ఆయన పోయాక ఆమె ఎక్కువ రోజులు బతకలేదు. ఎందరో తల్లులకు పురుడుపోసిన ఆవిడ గురించి రాసినవాళ్లు తక్కువ. నాయుడమ్మగారి పేరుమీద తెనాలిలో పురస్కారాలు ఇస్తూ వచ్చారు. పవనగారి పేరు ఆయన జీవితకథ చివరి పేరాలో ఒక వాక్యంగా మిగిలింది. ఆ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

తార్నాక అంటే తీగ కట్టిన నాకా, తార్ నాకా అని పాతకాలం వాళ్లంటారు. కంచె వేసి, వచ్చేపోయేవాళ్లను ఆపి చూసే చోటన్నమాట. ఇప్పుడక్కడ ఆపి చూసే నాథుడెవరూ లేరు, ట్రాఫిక్ తప్ప. ఇక్కడ ఏ వీధిలో చూసినా అమెరికాలోనో కెనడాలోనో ఒక బిడ్డ ఉన్న ఇల్లే. మొన్న మా ఆడపడుచు కూతురు కూడా టొరంటోకు చదువుకోడానికి బయల్దేరింది. ఇక్కడినుంచే ప్రయాణం. అర్ధరాత్రి అందరం శంషాబాద్ వెళ్లాం. లోపలికి వెళ్లబోయే ముందు పిల్ల మామయ్యగారి కాళ్లకు దండం పెట్టింది. పెట్టెలు ఎవరి చేతికీ ఇవ్వద్దనీ, ఎవరి పెట్టే నువ్వు తీసుకోవద్దనీ ఆయన మూడోసారి చెప్పారు. చెప్పిందే ఎన్నిసార్లు చెబుతారు తాతయ్యా అని అది విసుక్కుంది.

అత్తయ్యగారు అదేం పట్టించుకోకుండా ట్రాలీ చుట్టూ తిరిగి, ఒక్కోదాని మీదా చెయ్యివేసి లెక్కపెట్టారు. పెద్దవి రెండు, చిన్నది ఒకటి, భుజాన సంచీ. ఆఖరున పిల్ల తలమీద చెయ్యివేసి, మనిషి ఒకతె అని చెప్పి, వెళ్లమన్నారు.